గంగ గట్ల అన్లే

ఆప్టిమస్ ప్రైమ్‌ను దేవుడు పుట్టించాడా, ఫ్యాక్టరీ తయారు చేసిందా? 2009లో మా ఇంజనీరింగ్ హాస్టల్లో ఈ ప్రశ్న మీద రాత్రి మూడింటి దాకా గొడవ నడిచింది. ట్రాన్స్‌ఫార్మర్స్ రెండో సినిమా సెకండ్ షో చూసి వచ్చాం. నా రూమ్మేట్ కామిక్స్ చదివినవాడు. వాడి లెక్కలో ఆ రోబోలన్నీ ప్రైమస్ అనే దేవుడి పిల్లలు. ఎదురు రూమ్ వాడు 80ల నాటి పాత కార్టూన్ డౌన్‌లోడ్ చేసుకుని చూసినవాడు. వాడి లెక్కలో క్వింటెసాన్లు అనే ఐదు ముఖాల జీవులు ఆ రోబోలను అమ్ముకోడానికి తయారు చేశాయి. మామూలు పనులకు ఒక రకం, యుద్ధానికి ఇంకో రకం. మొదటి రకం తర్వాత ఆటోబాట్లు అయ్యాయి, రెండో రకం డిసెప్టికాన్లు.

రెండూ అఫీషియల్ కథలే. ఇద్దరి దగ్గరా సాక్ష్యాలున్నాయి. చివరికి ఎదురు రూమ్ వాడు ఒక మాటన్నాడు: "నీ హీరో పూర్వీకులు బానిసలని ఒప్పుకోడానికి నీకు మనసు రావట్లేదు, అంతే." దాంతో గొడవ చప్పున ఆగిపోయింది. నేను మధ్యలో కూర్చుని మ్యాగీ తింటూ, ఇలాంటిది ఇంతకుముందు ఎక్కడో చూశానే అనుకున్నాను. చూశాను. బెజ్జంకిలో, ఎనిమిదేళ్ళ వయసులో, మా ఇంటి ముందు.

ఆ సంగతికి వచ్చే ముందు ఈ రోబోల పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. బొమ్మ ముందా, కథ ముందా అన్నది ఈ వ్యాసంలో ముఖ్యం కాబట్టి.

ఆప్టిమస్ ప్రైమ్ మొదట జపాన్‌లో టకారా కంపెనీ వాళ్ళ డయాక్లోన్ అనే బొమ్మల వరసలో ఒక ట్రక్కు. ఆ వరసలో రోబోలకు ప్రాణం లేదు. లోపల వేలెడంత కూడా లేని మనిషి బొమ్మ కూర్చుని నడిపిస్తుంది. మెగట్రాన్ అదే కంపెనీ వాళ్ళ మైక్రోమ్యాన్ అనే ఇంకో వరసలోది, తుపాకీగా మారే బొమ్మ. ఈ ఇద్దరికీ ఒకరితో ఒకరికి పరిచయమే లేదు. అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ ఆ బొమ్మల హక్కులు కొనుక్కుని, వీటికి ఒక కథ కావాలని మార్వెల్ కామిక్స్‌ను అడిగింది. జిమ్ షూటర్ మూలకథ అల్లాడు. డెనిస్ ఓనీల్ ఆప్టిమస్ ప్రైమ్ అనే పేరు పెట్టాడు. మిగతా పేర్లలో చాలావరకూ, ఒక్కొక్కరి స్వభావమూ, బలహీనతా రాసింది బాబ్ బుడియాన్‌స్కీ. 1984లో బొమ్మలు అమ్మకానికి వచ్చేసరికి ట్రక్కుకూ తుపాకీకీ మధ్య లక్షల ఏళ్ళ వైరం ఏర్పడిపోయింది.

అంటే అక్కడ బొమ్మే ముందు. కథ దాన్ని అమ్మడానికి వచ్చింది. అలా వచ్చిన కథకు ఒక లోటు ఉంటుంది. అమ్మకాల లెక్క మారినప్పుడల్లా కథ కూడా మారుతుంది. 1986 సినిమాలో ఆప్టిమస్‌ను చంపేశారు. పాత బొమ్మల స్థానంలో కొత్తవి అమ్మాలి, అదీ కారణం. థియేటర్లలో పిల్లలు ఏడ్చారు. 1987లో మళ్ళీ బతికించారు. మాటెల్ కంపెనీ 1982లో తెచ్చిన హీమ్యాన్ సంగతీ ఇంతే. బొమ్మతో పాటు పెట్టెలో వచ్చిన మొదటి చిన్న పుస్తకాల్లో అతను ఒక ఆటవిక తెగ వీరుడు. 1983లో కార్టూన్ వచ్చేసరికి ఆడమ్ అనే రాకుమారుడు అయిపోయాడు. ఆ తొలి పుస్తకాల్లో శక్తిఖడ్గం రెండు ముక్కలు. బొమ్మల్లోనూ ఒక సగం హీమ్యాన్‌తో, ఇంకో సగం అతని శత్రువు స్కెలిటార్‌తో వచ్చేవి. కార్టూన్‌లో ఆ ముక్కల ఊసే లేదు. చేతిలో సగం కత్తి పట్టుకుని టీవీలో పూర్తి కత్తిని చూస్తున్న పిల్లవాడికి కలిగే అనుమానమే ఇవాళ "లోర్ డిస్కషన్" అని మనం పిలుచుకునే వ్యవహారమంతటికీ విత్తనం. ఏది అసలు కథ? అభిమానులు దాన్ని "కానన్" అంటారు. ప్రామాణికం అనుకోండి. ఎంత వాదించుకున్నా చివరి మాట మాత్రం కంపెనీదే.

*

మేం గొల్లలం. బెజ్జంకి అప్పట్లో కరీంనగర్ జిల్లా. 1998 అనుకుంటా, పంటలు ఇంటికొచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం మందహెచ్చులవాళ్ళు వచ్చారు. మా ఇంట్లో "మందెచ్చులోళ్లు" అనేవాళ్ళు. మంద హెచ్చాలని దీవించేవాళ్ళు అని ఆ పేరుకు అర్థం చెప్తారు. వాళ్ళతో ఒక పెట్టె. పెట్టెలో గుడ్డల్లో చుట్టిన బొమ్మలు. నేను లెక్కపెట్టడానికి ప్రయత్నించి ముప్పై దాటాక తప్పిపోయాను. పెద్దయ్యాక తెలిసింది, ఒక పూర్తి జట్టులో యాభై దాకా ఉంటాయని.

కథ కాటమరాజుది. ఒక్క రాత్రితో అయ్యేది కాదు. కథలో ఎవరి పేరు వస్తే ఆ బొమ్మను తీసి చూపించి, వరసలో నిలబెడతారు. రాత్రి గడిచేకొద్దీ మా గడప ముందు ఒక జనాభా తయారైంది. పసుపు ముఖాలు, ఇంతింత కళ్ళు, కిరీటాలు, ఒక ఆవు. నిద్ర ఆపుకుంటూ నేను చూస్తున్నది బొమ్మలనే. పెద్దవాళ్ళు మాత్రం వింటున్నారు.

రెండో రాత్రో మూడో రాత్రో, గంగ బొమ్మ బయటికి వచ్చింది. కాటమరాజుకూ గంగమ్మకూ మధ్య వాదం జరిగే ఘట్టం. అడ్డం నిలబడ్డ గంగ ఒక మాట అడుగుతుంది, రాజు ఒక మాట ఇస్తాడు. కథకుడు సాగిస్తున్నాడు. మా తాత చేయి ఎత్తాడు.

"ఆగు. గంగ గట్ల అన్లే."

అంతా ఆగిపోయింది. కథకుడు తాత కంటే చిన్నవాడే కానీ నెరిసిన తల. చేతులు జోడించి, "ఎట్ల అన్నదో మీరే సెలవియ్యున్రి అయ్యా" అన్నాడు. తాత చెప్పాడు. ముందు అడిగింది గంగ కాదు, మాట ఇచ్చింది కాటమరాజే, అదీ తనంతట తానే. ఆ తర్వాత ఆ మాట తప్పాడు కాబట్టే మన కులానికి ఆ ఆపద. పక్కింటాయన కాదన్నాడు. ఇంకొకాయన తాతను సమర్థించాడు. అరగంట గొడవ. చివరికి కథకుడు నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తాత చెప్పినట్టే ఘట్టాన్ని మళ్ళీ పాడాడు. తాత తల ఊపాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

మర్నాడు పొద్దున వాళ్ళు బొమ్మలు గుడ్డల్లో చుట్టుకుంటుంటే పక్కన నిలబడి అడిగాను, రాత్రి నువ్వు తప్పు చెప్పినవా అని. ఆయన గంగ బొమ్మను పెట్టెలో పడుకోబెడుతూ అన్నాడు: "తప్పేం లేదు బిడ్డా. మీ తాత జెప్పింది మీ ఊరి కత. మొన్న జెప్పొచ్చిన ఊళ్ళె గంగ ఇంకో తీర్గ అన్నది. రెండూ ఒక్క గంగనే."

ఈ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

*

ఈ బొమ్మలు చేసేది చేర్యాల నకాషీ కళాకారులు. నక్ష్ అంటే చిత్రం, అందులోంచి వచ్చిన పేరు. చేర్యాల అప్పుడు వరంగల్ జిల్లా. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు బెజ్జంకీ చేర్యాలా రెండూ సిద్దిపేటలోకి వచ్చాయి. కాబట్టి ఇప్పుడు మాది ఒకే జిల్లా అని చెప్పుకోవచ్చు. తేలికపాటి పునికి కర్రను చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు పట్టించి, పైన సుద్ద పూసి రంగులు వేస్తారు. చింతగింజల జిగురూ, సుద్దా పట్టించిన గుడ్డ మీద, ఎర్రటి నేపథ్యంతో వాళ్ళు వేసే పటాలు ఇవాళ ప్రసిద్ధం. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ధనాలకోట వైకుంఠం లాంటి కళాకారుల పేర్లు పేపర్లలో చూస్తూనే ఉంటాం.

కానీ ఆ పటాలు గోడకు తగిలించడానికి పుట్టినవి కావు. మీటర్ల పొడుగు పటాన్ని పైనుంచి కిందికి ఒక్కో గడీ చూపిస్తూ కథ చెప్పేవాళ్ళ కోసం పుట్టాయి. ఆ చెప్పేవాళ్ళు ఎవరికి పడితే వాళ్ళకు చెప్పరు. పద్మశాలీలకు చెప్పేవాళ్ళు కూనపులివాళ్ళు. ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు. మాదిగలకు డక్కలివాళ్ళు. గౌడులకు గౌడజెట్టీలు. గొల్లలకు మందహెచ్చులు, వీళ్ళ దగ్గర మాత్రం పటానికి బదులు బొమ్మలు. ప్రతి పోషక కులానికీ ఒక ఆశ్రిత కులం. ఏ ఊళ్ళు ఏ కుటుంబానివన్నది వంశపారంపర్యంగా వచ్చే హక్కు. దాన్ని మిరాశీ అంటారు. అన్నదమ్ములు విడిపోతే పొలాల్లాగే ఊళ్ళు కూడా పంచుకుంటారు. ఆ హక్కుకు రుజువుగా రాగిరేకులు చూపించే కుటుంబాలూ ఉన్నాయి.

అంటే ఈ కథా ప్రపంచంలో ముగ్గురున్నారు. బొమ్మ చేసేవాడు, కథ చెప్పేవాడు, వినేవాడు. చేసేవాడికి స్క్రిప్టు ఉండదు, చెప్పేవాడు వచ్చి ఎవరెవరు కావాలో చెప్తే చేస్తాడు. చెప్పేవాడికి కథ తెలుసు గానీ అది తన కులం కథ కాదు. వినేవాడిదే ఆ కథ, కానీ అతను దాన్ని చెప్పడు. మంచిచెడ్డలు తేల్చి వడ్లో గొర్రెపిల్లో ఇస్తాడు. పాతబడ్డ పటాన్ని పారెయ్యరు, నీళ్ళలో కలుపుతారు. కొత్త పటానికి కళ్ళు చివర్న, పూజ చేసి పెడతారు. కానన్ అనే మాటకు ఇంత బరువు మోసిన చోటు ఇంకోటి నాకు తెలీదు.

*

కాటమరాజు కథకు చరిత్రలో ఒక కాలు ఉంది. 13వ శతాబ్దం. ఎర్రగడ్డపాటి కాటమరాజు కరువు రోజుల్లో తన ఆలమందలను నెల్లూరు సీమ అడవులకు తోలుకెళ్తాడు. అక్కడి రాజు నల్లసిద్ధి. మేతకు పన్ను, అంటే పుల్లరి, ఎలా కట్టాలో ఒప్పందం జరుగుతుంది. మందలో పుట్టే కోడెదూడలు రాజుకివ్వాలి. ఆ తర్వాత ఒప్పందం చెడుతుంది. ఎందుకు చెడింది అన్న దగ్గరే కథలు చీలతాయి. ఒక కథనంలో రాజు ఉంపుడుగత్తె కుందమాదేవి పెంచుకునే చిలుకను గొల్లలు చంపుతారు, దానికి ప్రతీకారంగా ఆవులు చస్తాయి, ఆవులు చచ్చాక పుల్లరి ఎందుకివ్వాలని కాటమరాజు అంటాడు. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం.

ఈ నల్లసిద్ధినే మనుమసిద్ధిగా చరిత్రకారులు గుర్తించారు. మనుమసిద్ధి ఎవరో తెలుగు సాహిత్యం చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తిక్కన నిర్వచనోత్తర రామాయణం అంకితం పుచ్చుకున్న రాజు. ఆ యుద్ధంలో నెల్లూరు సేనాని ఖడ్గతిక్కన, కవి తిక్కనకు అన్నదమ్ముల వరస. అతని గురించి మనకు స్కూల్లో తెలిసిన కథ ఒకటుంది. యుద్ధం నుంచి వెనక్కి వస్తే, భార్య చానమ్మ స్నానానికి నీళ్ళు పెట్టి, మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద ఉంచుతుంది, ఆడవాళ్ళకు పెట్టినట్టు. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోస్తుంది. సిగ్గుపడి మళ్ళీ వెళ్ళి పోరాడి చనిపోతాడు.

మా తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు, ఖడ్గతిక్కన పారిపోయి వచ్చింది ఎవరి చేతిలో దెబ్బతిని అన్నది ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కాటమరాజు సైన్యం అని, అంటే మా గడప ముందు వరసగా నిలబడ్డ ఆ బొమ్మలేనని చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకే యుద్ధం. ఒక పక్క కథ చాటుపద్యాల్లోకీ అక్కణ్ణుంచి పాఠ్యపుస్తకాల్లోకీ వెళ్ళింది. ఇంకో పక్క కథ మందలతో పాటు వందల కిలోమీటర్లు ఉత్తరానికి నడిచి వచ్చి, చేర్యాలలో ముఖాలు సంపాదించుకుని, పెట్టెలో ఎక్కి మా ఊరికి వచ్చింది. కోస్తా వైపు ఇదే కథను కొమ్ములవాళ్ళు కొమ్ము ఊది చెప్తారు. అక్కడి గంగ ఏమంటుందో మా తాతకు తెలిసే అవకాశం లేదు.

ఇంకో విచిత్రం, మా ఇంట్లో ఆవులమంద ఎన్నడూ లేదు. అన్నీ గొర్లే. కథ నిండా ఆవులు. అయినా ఆ రాత్రి ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. ప్రశ్న వచ్చినదల్లా మాట ఎవరిచ్చారు, ఎవరు తప్పారు అన్న దగ్గరే. ఎందుకంటే అది పరువు సంగతి.

హాస్టల్లో ఎదురు రూమ్ వాడు అన్న మాట నాకు ఇక్కడ గుర్తొస్తుంది. కల్పిత ప్రపంచాల మీద జరిగే గొడవల్లో పుట్టుక మీద జరిగేవే అన్నిటికంటే వేడిగా ఉంటాయి. రోబోలు దేవుడి పిల్లలా, అమ్మకానికి చేసిన సరుకా? మన కులపురాణాలన్నీ ఈ ప్రశ్నకే జవాబులు. పద్మశాలీల పటంలో మార్కండేయుడి కొడుకు భావనారుషి, విష్ణువు బొడ్డు తామర తూడు దారంతో దేవతలకు మొదటి బట్ట నేస్తాడు. మగ్గం ముందు వంగి కూర్చునే మనిషికి ఆ పటం చెప్పేది ఇదీ: నీ పని లేకపోతే దేవుళ్ళు బట్టల్లేకుండా ఉండేవాళ్ళు. డక్కలివాళ్ళు మాదిగలకు చెప్పే జాంబపురాణంలో జాంబవుడు ఈ భూమి కంటే ముందే పుట్టాడు. ఊరి బయట ఉంచిన మనుషులకు, మీరు ఊరి కంటే, భూమి కంటే ముందున్నవాళ్ళు అని రాత్రంతా చెప్పే కథ అది. దాన్ని తప్పు అనడానికి శాస్త్రం తెలిస్తే చాలు. దాని అవసరం ఏమిటో తెలియాలంటే మాత్రం ఆ వాడలో కూర్చోవాలి.

*

ఇంతవరకూ రాశాక, "చూశారా, మన దగ్గర అభిమానులే కథకు యజమానులు, కంపెనీలు కాదు" అని ముగించెయ్యాలనిపించింది. ఏ సాహిత్య సభలో చెప్పినా చప్పట్లు పడే మాట. కానీ ఆ రాత్రిని మళ్ళీ గుర్తు తెచ్చుకుంటే ఆ ముగింపు నిలబడదు.

మా తాత చెయ్యి ఎత్తగలిగాడు. ఎందుకు? ఆయనకు కథ తెలుసు, నిజమే. ఆయన దగ్గర వడ్లున్నాయి, అదీ నిజమే. తన కంటే వంద రెట్లు ఎక్కువ కథ తెలిసిన మనిషి చేతులు జోడించి "సెలవియ్యున్రి అయ్యా" అన్నాడు. నాకు గర్వం కలిగించిన దృశ్యం అదే. హాస్‌బ్రో ఆప్టిమస్‌ను చంపినా బతికించినా పిల్లలు ఉత్తరాలు రాయగలరు, అంతే. కథ వాళ్ళది కాదు. మా దగ్గర అభిమాని నేరుగా కథను ఆపి మార్పించగలడు. కానీ దాని ఖరీదు చెప్పేవాడు కట్టాడు. మిరాశీ హక్కు అనే మాట వినడానికి బాగుంటుంది. తరతరాలుగా ఒకే కులం గడపల ముందు నిలబడాల్సిన విధి కూడా అందులోనే ఉంది. మందహెచ్చుల పిల్లవాడు ఆ పెట్టె మొయ్యనని హైదరాబాద్‌లో ఇంకో పని చూసుకుంటే, "కళ అంతరించిపోతోంది" అని వ్యాసం రాసే హక్కు నాకు లేదు. నేను మాత్రం గొర్లు కాయనని కంప్యూటర్ల దగ్గరికి వెళ్ళలేదా?

అయినా పోయినదేదో పోయింది. అది ఏమిటో కచ్చితంగా చెప్పుకోవాలి, కళ అనే పెద్ద మాట వెనక దాచకుండా. నా ఉద్యోగంలో కోడ్ రాస్తాం, దాన్ని ఒకచోట భద్రపరుస్తాం. ఒకే కోడ్‌కు పది శాఖలుంటాయి. ప్రతి శాఖ మీద పనిచేసేవాడికి తన శాఖే కనిపిస్తుంది. అన్ని శాఖలూ ఎక్కడ విడిపోయాయో, ఎక్కడ కలుస్తాయో చూపించేది వెనకున్న చరిత్ర. మా తాతకు బెజ్జంకి గంగ తెలుసు. తోటపల్లిలోనో గుండారంలోనో ఇంకో తాతకు తన గంగ తెలుసు. ఇద్దరూ ఎదుటివాడిది తప్పంటారు. అన్ని ఊళ్ళ గంగలూ ఒకేసారి తెలిసినవాడు ఆ పెట్టె మోసినవాడొక్కడే. ఏ ఊళ్ళో ఏ గంగను బయటికి తియ్యాలో, ఎక్కడ చేతులు జోడించి వెనక్కి తగ్గాలో అతనికి తెలుసు. మేం దాన్ని లొంగుబాటు అనుకున్నాం. అది జ్ఞానం. ఊళ్ళు తమ తమ కానన్‌లను కాపాడుకున్నాయి, నిజమే. ఆ కానన్‌ల మధ్య తేడాలను కాపాడినవాళ్ళు మాత్రం మందహెచ్చులే.

పుస్తకాలు లేవా అంటే ఉన్నాయి. తంగిరాల వెంకట సుబ్బారావు గారు కాటమరాజు కథలను ఏళ్ళ తరబడి సేకరించి పరిష్కరించారు, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వాటిని సంపుటాలుగా వేసింది. ఆ పని జరగకపోతే ఈ వ్యాసం లేదు. వాటిని చదివితేనే ఇది ఒక కథ కాదని, కథల చక్రమని తెలుస్తుంది. ఆవుల మేత ఒక కథ, గంగ వాదం ఒక కథ, కాటమరాజు ఇంటి ఆడబిడ్డ పాపనూకది ఒక కథ. కానీ అచ్చులోకి వచ్చిన కథను మధ్యలో చెయ్యెత్తి ఆపలేం. పుస్తకం మన ఊరికి తగ్గట్టు నాలుగడుగులు వెనక్కి వెళ్ళదు.

*

రెండేళ్ళ కింద హైదరాబాద్‌లో ఒక చేతివృత్తుల ఎగ్జిబిషన్‌లో చేర్యాల బొమ్మలు కనిపించాయి. కొబ్బరిచిప్పల మీద చేసిన ముఖాలు గోడ నిండా. కింద జంటలుగా చిన్న బొమ్మలు. ఒక ఆడబొమ్మను చేతిలోకి తీసుకుని ఇది ఎవరు అని అడిగాను. స్టాల్‌లో కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: "పేరేం ఉండదు సార్. జోడీ తీస్కోండి, టీవీ పక్కన బాగుంటది."

అతని తప్పేమీ లేదు. చేసేవాళ్ళకు అన్నం పెడుతున్నది ఇప్పుడు ఆ టీవీ పక్కన చోటే. కానీ నాకు నవ్వొచ్చింది. జపాన్‌లో ఊరూ పేరూ లేకుండా పుట్టిన ట్రక్కు బొమ్మకు అమెరికాలో పేరూ, వంశమూ, దేవుడూ దొరికాయి. చేర్యాలలో పేరూ వంశమూ దేవతా అన్నీ ఉన్న బొమ్మ నగరానికి వచ్చేసరికి జోడీ అయింది. నేను సైబర్‌ట్రాన్ రాజవంశం గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. ఆ ఆడబొమ్మ ఎవరో నాకూ తెలీదు. ఒక్కటే కొనుక్కున్నాను.

నరసింహస్వామి జాతరకు ఊరికి పోయినప్పుడు దాన్ని తీసుకెళ్ళి బాపుకు చూపించాను. తాత పోయి చాలా ఏళ్ళైంది. బాపు ఎప్పుడూ కథ పట్టించుకున్నవాడు కాదు, లారీ నడిపినవాడు. బొమ్మను వెలుతురుకు తిప్పి, "పాపనూక" అన్నాడు. అరుగు మీద కూర్చున్న పెద్దబాపు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"పాపనూక ఎందుకయితది? గంగ. ఆ బొట్టు జూడు."

"గంగ గంత చిన్నగుంటదా? నాయిన జెప్పలేదా, గంగ బొమ్మ కాటమరాజు కన్న ఎత్తుంటదని."

"నాయిన జెప్పింది గట్ల గాదు."

తాత ఏం చెప్పాడో దాని మీదికి వెళ్ళింది గొడవ. లోపల్నుంచి మా అవ్వ వచ్చి మూడో పేరు చెప్పింది. పక్కింటి నుంచి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా మందహెచ్చులవాళ్ళు రాని వాకిట్లో, టీవీ పక్కన పెట్టడానికి చేసిన బొమ్మ మీద, నలుగురు పెద్దవాళ్ళు గొంతులు పెంచుకుంటున్నారు. పెద్దబాపు నా వైపు తిరిగి, "నువ్వు సదువుకున్నోనివి గదరా, జెప్పు" అన్నాడు.

రెండూ ఒక్కటే పెద్దబాపూ అనే మాట నోటి దాకా వచ్చింది. కానీ ఆ మాట అన్నాయన ఊరూరూ తిరిగి, ప్రతి గడప ముందూ ఒక్కో గంగను విని, అప్పుడు అన్నాడు. నేను ఒక్క గడప కూడా తిరగలేదు. నాకు తెలీదని చెప్పి, బొమ్మను వాళ్ళ మధ్య అరుగు మీద పెట్టి పక్కన కూర్చున్నాను. అన్నం తినడానికి రమ్మని అవ్వ రెండుసార్లు పిలిచింది. ఎవరూ లేవలేదు.